తొలి పేజీలు మళ్లీ గీయాలంటే: ఒక బోరు కథ నేర్పిన పద్ధతి

నా కామిక్ కథ 24 పేజీలు. నల్గొండ దగ్గర ఒక బత్తాయి తోటలో బోరు వేయించే రోజు, అంతే కథ. పొద్దున ఏడింటికి బోరు బండి వస్తుంది, పొద్దుగూకేసరికి పోతుంది. మధ్యలో ఒక తాత, ఆయన మనవరాలు, ఒక కుక్క. ఆ ఒక్క రోజును గీయడానికి నాకు మూడేళ్లు పట్టింది. పగలు డీటీపీ పని, రాత్రి బొమ్మలు. అందుకే మొదటి పేజీలో గుమ్మడికాయలా గుండ్రంగా ఉన్న తాత ముఖం ఇరవయ్యో పేజీకి వచ్చేసరికి దవడలు పీక్కుపోయి, ముక్కు సాగి, ఎండకు మాడిన రైతు ముఖం అయింది. కథ లెక్కన చూస్తే ఆయన పొద్దున ఒక మనిషి, సాయంత్రం ఇంకో మనిషి.

గీస్తూ గీస్తూనే చేయి తిరుగుతుంది. కాబట్టి పొడుగు కథ ఏదైనా మొదటి పేజీలే అన్నింటికంటే బలహీనంగా ఉంటాయి. చదివేవాళ్లు ముందు తెరిచేదీ అవే. మళ్లీ గీయాలా, గీస్తే ఎన్ని, ఎక్కడ ఆపాలి? నేను ఒకసారి ఈ పని మొదలుపెట్టి చెడగొట్టుకున్నాను. రెండోసారి ఆరు పేజీలు గీసి బయటపడ్డాను. ఆ రెండు అనుభవాల నుంచి తేలిన పద్ధతి ఇది. కాగితం మీద గీసేవాళ్లకూ, ట్యాబ్‌లో గీసేవాళ్లకూ దాదాపు ఒకటే.

1. ముందు కథ ముగించండి

మొదటిసారి నేను చేసిన తప్పు ఇదే. తొమ్మిదో పేజీ అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే మొదటి నాలుగు పేజీలు నాకే నచ్చలేదు. మళ్లీ గీశాను. అవి బాగుపడేసరికి అయిదు నుంచి తొమ్మిది దాకా పాతబడ్డట్టు కనిపించాయి. వాటినీ మొదలుపెట్టాను. ఎనిమిది నెలలు గడిచినా పదో పేజీ పుట్టలేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

చివరి పేజీ గీసేదాకా మొదటి పేజీకి ఏం కావాలో తెలియదు. నా కథలో చివరన కుక్క బురదలో దొర్లుతుంది. ఆ కుక్క మొదటి పేజీలో లేదు, పదమూడో పేజీలో గాల్లోంచి ఊడిపడ్డట్టు వచ్చింది. కథ ముగిశాకే దాన్ని మొదటి పేజీలోకి తేవాలని తట్టింది. అలా మధ్యలో తట్టినవన్నీ ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోండి, పేజీ మాత్రం ముట్టుకోవద్దు. ట్యాబ్‌లో గీసేవాళ్లకు ఈ నిగ్రహం ఇంకా ఎక్కువ కావాలి. అక్కడ గీసింది చెరపడానికి రెండు వేళ్లు చాలు, అదే ప్రమాదం.

2. కొలత పేజీ ఒకటి ఎంచుకోండి

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి: తొలి పేజీలను ఈ రోజు మీ చేతికి తగ్గట్టు గీయకండి, కథ మధ్యలో కుదురుకున్న చేతికి తగ్గట్టు గీయండి.

కారణం సులువే. కథ ముగిసిన ఆరు నెలలకు మీ గీత ఇంకా మెరుగై ఉంటుంది. ఆ గీతతో మొదటి ఆరు పేజీలు గీస్తే, ఏడో పేజీ తిప్పగానే పాఠకుడికి బొమ్మలు ఒక్కసారిగా దిగజారినట్టు కనిపిస్తాయి. ముందు మొదలు బాగాలేదు, ఇప్పుడు నడుము విరిగింది. దాన్ని సరిచేయబోతే మళ్లీ పాత గొంగళి కథే.

నేను ఇరవయ్యో పేజీని కొలతగా పెట్టుకున్నాను. ఏ పేజీ అన్నది మీ ఇష్టం. ప్రధాన పాత్రలు అందులో కనిపించాలి, దూరపు బొమ్మ ఒకటి, దగ్గరి ముఖం ఒకటి ఉండాలి. అన్నింటికంటే అందమైన పేజీ అక్కర్లేదు, మీ కథ మొత్తానికి సగటుగా అనిపించే పేజీ కావాలి. దాన్ని జిరాక్స్ తీయించి బల్ల ముందు గోడకు అతికించండి. గీత మందం ఎంత, నీడలకు అడ్డగీతలు వాడారా లేక నల్లగా నింపారా, కళ్లు చుక్కలా లేక లోపల తెలుపు ఉందా, వెనక చెట్లు ఎంత వివరంగా ఉన్నాయి, ఇవన్నీ ఆ కాగితం అంచున రాసి పెట్టుకోండి.

ఆ పేజీ నుంచే పాత్రల షీటు తయారు చేసుకోవాలి. తాత తల ఎత్తును ఒక కొలతగా తీసుకుంటే ఆయన మొత్తం ఎత్తు ఏడు తలలు వచ్చింది, మనవరాలిది అయిదు. పాత మొదటి పేజీలో కొలిస్తే తాత అయిదున్నర తలలే. పొట్టివాడిగా, ఇంచుమించు బొమ్మలాటలో మనిషిలా కనిపించడానికి కారణం అదే. ముఖం మార్చకముందు ఈ తలల లెక్క సరిచేస్తే సగం రోగం కుదిరిపోతుంది. షీటులో ముందు, పక్క, ముప్పావు, వెనక, నాలుగు వైపుల బొమ్మలు చాలు. తలకు రుమాలు ఎటు చుట్టుకుంటాడు, బనీను జేబు ఎటువైపు, బీడీ ఏ చెవిమీద పెట్టుకుంటాడు అన్నవి కూడా రాయండి. ఇలాంటివే గడి గడికీ (పేజీలో చట్రం గీసిన ఒక్కో బొమ్మే గడి) మారిపోతుంటాయి.

3. చదివించండి, నోరు మూసుకోండి

పాత పేజీలను ముగ్గురికి ఇచ్చాను. ఏడో తరగతి చదివే మేనకోడలు, షాపులో నాతో పనిచేసే ఆయన, పక్క పొలం ముసలాయన. ఇచ్చి ఏమీ చెప్పకుండా కూర్చోవాలి. 'అది కాదు, నా ఉద్దేశం ఏంటంటే' అని నోరు తెరిచారా, పరీక్ష పాడైనట్టే. చదివేవాళ్ల కళ్లు ఎక్కడ ఆగాయి, ఎక్కడ వెనక్కి వెళ్లాయి, ఏ గడి దాటేసి ముందుకు పోయారు, అది మాత్రమే పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి.

మేనకోడలు రెండో పేజీలో గడులను తప్పు వరసలో చదివింది. ఎడమవైపు ఒక పొడుగు నిలువు గడి, కుడివైపు మూడు చిన్న గడులు పెట్టాను. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ కింద ఇంకో అడ్డం గడిని కుడివైపు గడులకు బాగా దగ్గరగా, నిలువు గడికి దూరంగా పెట్టాను. సందులు సమానంగా లేకపోతే కన్ను దగ్గరున్న దాని మీదికి దూకుతుంది. వరసల మధ్య సందు వెడల్పుగా, ఒకే వరసలోని గడుల మధ్య సందు ఇరుగ్గా ఉంచితే చాలావరకు తప్పిపోరు.

షాపు ఆయన మాటల బుడగలను దాటేశాడు. అడిగితే, 'చానా ఉన్నది గదా, బొమ్మలు చూసిన' అన్నాడు. నిజమే, మొదటి పేజీలో తొమ్మిది గడులు, పదకొండు బుడగలు. కథ మొదలవగానే అందరి చుట్టరికాలూ చెప్పేయాలన్న తొందర.

ముసలాయన అయిదో పేజీ చూసి నవ్వాడు. 'బిడ్డా, బోరు గిట్ల ఎగురదు. సిలిండర్ పేలినట్టు గీసినవ్.' ఆ మాట గురించి ముందు ముందు చెబుతాను.

ఇంకో పరీక్ష ఒంటరిగా చేయొచ్చు. బుడగలన్నింటి మీద చిన్న కాగితం ముక్కలు అంటించి బొమ్మలు మాత్రమే చూడండి. ఏం జరుగుతోందో తెలియాలి. తర్వాత బొమ్మలు వదిలేసి మాటలు మాత్రమే చదవండి. మాటలతోనే అంతా తెలిసిపోతే అక్కడ బొమ్మ వృథా అయినట్టే. నా మొదటి పేజీలో తాత 'ఎండ మండిపోతోంది' అంటాడు, బొమ్మలో ఎండే లేదు.

4. రెండు కుప్పలు

ఇప్పుడు చేతిలో ఉన్న గుర్తులన్నీ రెండు భాగాలు చేయండి. ఒకటి, చదివేవాళ్లు తడబడ్డవి. రెండు, మీకు సిగ్గనిపించినవి. మొదటి కుప్పలోవి తప్పకుండా మళ్లీ గీయాలి. రెండో కుప్పలోవి మొదటి కుప్పతో కలిసి వస్తే గీయండి, విడిగా వాటికోసం పేజీ చింపకండి. నా చేతివేళ్లు మూడో పేజీలో వంకాయల్లా ఉన్నాయి. ముగ్గురిలో ఒక్కరూ గమనించలేదు.

ఈ విషయంలో టిన్‌టిన్ కథలు గీసిన బెల్జియం కళాకారుడు హెర్జే ఉదాహరణ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. టిన్‌టిన్ బొమ్మల కథల్లో స్కాట్లాండ్ నేపథ్యంగా సాగే 'బ్లాక్ ఐలాండ్' మూడు రూపాల్లో వచ్చింది. 1938లో నలుపు తెలుపులో పుస్తకం, 1943లో రంగుల్లో, 1966లో మొత్తం కొత్తగా గీసినది. బ్రిటన్ ప్రచురణకర్తలు పాత పుస్తకంలో 131 తప్పులు ఏరి పంపారు. హెర్జే తన సహాయకుడు బాబ్ డె మూర్‌ను ఇంగ్లండ్ పంపి రైళ్లు, దుస్తులు, ఇళ్లు అన్నీ చూసి గీయించుకొచ్చాడు. కొత్త రూపంలో రైలింజను దగ్గర్నుంచి పోలీసు టోపీ దాకా అన్నీ సరిగ్గా ఉంటాయి. కానీ పాత బొమ్మల్లోని గడుసు పరుగు కొంత తగ్గిందని నా అభిప్రాయం. వివరం పెరిగినకొద్దీ కథ నెమ్మదిస్తుంది. అదే హెర్జే సోవియట్ దేశంలో సాగే తన మొట్టమొదటి టిన్‌టిన్ కథను మాత్రం తిరిగి గీయకుండా వదిలేశాడు. అన్నీ మళ్లీ గీయాలని ఆయన కూడా అనుకోలేదు.

5. పేజీల లెక్క చూసుకోకుండా ఒక్క గడి కూడా పెంచకండి

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయి. 24 తర్వాత 28, మధ్యలో ఏదీ కుదరదు. తొమ్మిది గడులు ఇరుకయ్యాయని ఆరు పేజీలను ఏడు చేద్దామనుకున్నాను. మొత్తం 25 అవుతుంది, అచ్చులో మూడు ఖాళీ పేజీలు మిగులుతాయి.

దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. తెలుగు పుస్తకంలో ఒకటో పేజీ కుడివైపు వస్తుంది. రెండు, మూడు ఎదురెదురుగా. మూడు చదివి కాగితం తిప్పితే నాలుగు. అంటే పాఠకుడు ముందుగా చూడకూడని విషయం సరిసంఖ్య పేజీ మీదే రావాలి. నా కథలో నీళ్లు పడేది 18వ పేజీ. 17 చివరి గడిలో అందరూ బోరు గుంతలోకి చూస్తుంటారు, కాగితం తిప్పితే నీళ్లు. ముందు ఒక్క పేజీ పెరిగిందంటే ఆ నీళ్లు 19కి జరుగుతాయి. అది 18కి ఎదురుగానే ఉంటుంది కాబట్టి పాఠకుడి కంటికి ముందే చిక్కుతుంది. మూడేళ్లు కాపాడుకున్న గుట్టు ఒక్క గడితో రట్టు.

అందుకే ఆరు పేజీలను ఆరులోనే సర్దాను. మొదటి పేజీ తొమ్మిది గడులను నాలుగు చేశాను. చుట్టరికాలు చెప్పే గడులు తీసేశాను. మనవరాలు 'తాతా' అని పిలిస్తే చుట్టరికం తెలియదా?

ఫోన్లో ఒక్కో పేజీ పైకి జరుపుతూ చదివించే కథలైతే ఈ ఎదురుపేజీల గొడవ ఉండదు. కానీ తర్వాత అచ్చు వేయాలన్న ఆశ ఏ మూలో ఉంటే ఇప్పుడే లెక్క చూసుకోండి.

6. చిన్న నమూనాలు

ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిస్తే ఎనిమిది గడులు వస్తాయి. ఒక్కో గడి 74 మిల్లీమీటర్ల వెడల్పు, 105 ఎత్తు. పెద్ద పేజీ ఆకారమే, పరిమాణం చిన్నది. ఒక్కో గడిలో ఒక పేజీ నమూనా మొద్దు పెన్సిల్‌తో గీయండి. ముక్కూ కళ్లూ వద్దు. మనిషికి ఒక గుండు సున్నా, ఒక గీత. బుడగలు మాత్రం ఇప్పుడే గీయాలి.

ప్రతి పేజీకీ మూడు నమూనాలు గీయండి. మొదటిది పాత పేజీకి నకలులా వస్తుంది, అది మామూలే. రెండోది దానికి విరుద్ధంగా. మూడోదే సాధారణంగా పనికొచ్చేది. నా నాలుగో పేజీ మూడో నమూనాలో పేజీ ఎడమ అంచున పై నుంచి కింది దాకా ఒకే సన్నటి నిలువు గడి పెట్టాను. పైన ఎండ, కింద రాయి, మధ్యలో దిగే రాడ్డు. పాత పేజీలో 300 అడుగుల లోతును ఒక బుడగలో అంకెగా రాశాను. ఇప్పుడు ఆ లోతు కంటికే కనిపిస్తుంది.

7. అక్షరాలు బొమ్మకంటే ముందు

పాత పేజీల్లో బొమ్మ పూర్తయ్యాక మిగిలిన ఖాళీలో మాటలు ఇరికించాను. తెలుగు అక్షరాలకు ఆ పని అస్సలు పనికిరాదు. మనకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. వరసలు దగ్గరైతే పై వరస ఒత్తు కింది వరస గుడిలో చిక్కుకుంటుంది. అక్షరం ఎత్తు ఎంతో, వరసకూ వరసకూ మధ్య కనీసం అందులో సగం ఖాళీ వదలండి.

రెండో సమస్య పొడుగు మాటలు. 'వేయించాలనుకుంటున్నారంట' అన్న ఒక్క మాట సన్నటి బుడగలో పట్టదు. మధ్యలో అడ్డగీత పెట్టి విరిస్తే చదివేవాడి నాలుక మడతపడుతుంది. విరవాల్సి వస్తే మాట అతికిన చోటే విరవండి, 'వేయించాలని' ఒక వరస, 'అనుకుంటున్నారంట' ఇంకో వరస. ఇంకా మేలైన దారి మన పక్క మాట వాడటం. పాత మొదటి పేజీలో బోరు ఆయన 'ఎన్ని అడుగుల వరకు వేయించాలనుకుంటున్నారు?' అని అడుగుతాడు. బోరు మీద నిలబడి అలా ఎవరు అడుగుతారు? ఇప్పుడు 'ఎన్ని ఫీట్లు ఏద్దామంటవ్ పెద్దాయినా?' అని అడుగుతున్నాడు. బుడగ చిన్నదయింది, మనిషి నల్గొండవాడయ్యాడు. గడి పైన వచ్చే కథనం మాత్రం మామూలు తెలుగులోనే ఉంచాను. రెండూ యాసలోనే ఉంటే ఎవరు చెబుతున్నారో తేడా తెలియదు.

ఇంగ్లిష్ కామిక్స్‌లో అరుపుకు లావు అక్షరాలు వాడతారు. తెలుగులో బాగా లావు చేస్తే 'ఘ', 'ఝ' లాంటి వాటి కడుపు మూసుకుపోయి నల్ల మచ్చ అవుతుంది. అక్షరం సైజు పెంచండి, లావు కొంచెమే పెంచండి.

చేత్తో రాయడమే నాకిష్టం. కంప్యూటర్‌లో అయితే యూనికోడ్ ఫాంట్లలో మండలి, ఎన్టీఆర్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి, చిన్న సైజులోనూ చదవడానికి బాగుంటాయి. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుని ప్రోగ్రాం మూసి తెరవండి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ నడిచే అను ఫాంట్లలో టైపు చేస్తే ఆ మాటలు యూనికోడ్‌లోకి నేరుగా రావు, మార్చుకోవాలి. మార్చినప్పుడు ఒత్తులు తారుమారవుతాయి, ప్రతి బుడగా మళ్లీ చదవాలి.

బోరు చప్పుడు, గాలి బుస, కుక్క మొరుగు, ఇవి ఫాంటుతో వేయకండి. బొమ్మలో భాగంగా చేత్తో గీయండి. నా కొత్త అయిదో పేజీలో 'ఘుర్ర్ర్ర్' అన్న చప్పుడు బండి దగ్గర పెద్దగా మొదలై తోట చివరికి వెళ్లేసరికి చీమంత అయింది. మనవరాలు ఎంత దూరంలో ఉందో వేరే చెప్పక్కర్లేకపోయింది.

8. చూసి గీయండి

ముసలాయన నవ్విన అయిదో పేజీ దగ్గరికి వద్దాం. నేను బోరు వేయగానే ఆకాశానికి ఎగిసే నల్లటి దుమ్ము స్తంభం గీశాను. సినిమాల్లో చమురు బావి చూసి గీసినట్టుంది. ఆయన నన్ను వెంటబెట్టుకుని ఒక బోరు దగ్గరికి తీసుకెళ్లాడు.

అక్కడ పొద్దంతా కూర్చుంటే తెలిసింది. ముందు నీళ్లు చూసేటాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తోటంతా తిరుగుతాడు, కాయ నిలబడ్డ చోట రాయి పెడతారు. బండి నిలబెట్టాక మొదట ఎర్రమట్టి వస్తుంది. మెత్తటి నేల దాటే దాకా కేసింగ్ పైపు దించుతారు. తర్వాత రాయి. మాది గ్రానైట్ నేల, రాయి తగిలాక గాలి ఒత్తిడికి బూడిద రంగు పిండి లేచి చెట్లమీద, మనుషుల మీద పడుతుంది. పనివాళ్లు తలకు తువ్వాల చుట్టుకుంటారు, కనుబొమ్మలు తెల్లబడతాయి. రాడ్డు తర్వాత రాడ్డు దిగుతుంది. అడుగుకు ఇంత అని రేటు, లోతుకు పోయినకొద్దీ రేటు పెరుగుతుంది. రైతు కళ్లు ఆ రాడ్ల లెక్క మీదే ఉంటాయి. నీళ్లు తగిలితే ముందు ఆ పిండి తడుస్తుంది, రంగు మారి బురదలా చిమ్ముతుంది. తర్వాతే నీళ్లు. బండి మీద తమిళ అక్షరాలు చాలాచోట్ల కనిపిస్తాయి, ఈ బండ్లకు తమిళనాడు తిరుచెంగోడు పెద్ద అడ్డా.

ఈ వివరాల్లో కథకు కావాల్సినవి రెండే. పిండి తడవడం, రైతు కళ్లు. తడవకముందటి పొడి పిండికి ఒక గడి మొత్తం ఇచ్చాను. పాత పేజీల్లో నీళ్లు పడ్డాయా లేదా అన్న టెన్షన్ ఒక్క గడి కూడా నిలవలేదు, ఇప్పుడు తొలి పేజీల్లోనే పొడి పిండి కనిపిస్తుంది కాబట్టి 18వ పేజీలో రంగు మారగానే పాఠకుడు మాట లేకుండానే అర్థం చేసుకుంటాడు. తొలి పేజీలు సరిచేస్తే చివరి పేజీ బలపడటం అంటే ఇదే.

ఫోటోలు తీసుకోండి, కానీ అక్కడే నిలబడి నాలుగు గీతలైనా గీయండి. ఫోటో అన్నీ ఒకే తీరుగా చూపిస్తుంది, గీసేటప్పుడు మాత్రం కన్ను ఏదో ఒక దాని మీద ఆగుతుంది. ఆగినదే పేజీలోకి రావాలి.

9. ఎండ ఎటు నుంచి?

నా పాత మూడో పేజీలో ఒకే సమయంలో చెట్టు నీడ కుడికి, బండి నీడ ఎడమకు, తాతకు నీడే లేదు. ఇలాంటి తప్పుకు చిన్న మందు ఉంది. ప్రతి పేజీ పై అంచున, గడుల బయట, సమయం రాసి ఎండ వచ్చే దిక్కుకు ఒక బాణం గుర్తు గీయండి. ఏడు గంటలకు నీడలు పొడుగ్గా, పన్నెండుకు కాళ్ల కింద ముద్దగా, అయిదుకు మళ్లీ పొడుగ్గా, కానీ రెండో వైపుకు.

నల్గొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలో స్తంభం నీడ ఒకేచోట నిలిచి ఉంటుంది. నీడల గురించి ఆలోచించాలంటే అంతకంటే మంచి చోటు లేదు. రెండు ఆదివారాలు అక్కడ కూర్చుని గీశాను. ఆ నీడ వెలుగు నేరుగా పడి వచ్చింది కాదు, బయటి నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగుది, అందుకే దాని అంచులు మెత్తగా ఉంటాయి. నా కథలో పాక లోపల గీసే నీడలకు మెత్తటి అంచు, తోటలో నీడలకు కత్తి అంచు అన్న తేడా అక్కడే నేర్చుకున్నాను. గుళ్లో నీడ కదలకపోతే అది శిల్పుల గొప్ప. మన పేజీలో కదలకపోతే తప్పు.

10. పెన్సిలు, సిరా

పాత పేజీలో బాగున్న గడులను పారేయక్కర్లేదు. లైట్ ప్యాడ్ (కింది నుంచి వెలుగు వచ్చే పలక) మీద పాత పేజీ, దాని మీద కొత్త షీటు పెట్టి తిరగగీయొచ్చు. కరెంటు పోతే కిటికీ అద్దానికి ఆనించినా సరిపోతుంది. తిరగగీసేటప్పుడు పాత గీత మీదే పోకండి, తలల లెక్క కొత్త షీటు ప్రకారం సరిచేసుకుంటూ పొండి. కొంచెం పెద్దగా గీసి తగ్గించడం మంచిది. ఏ3 మీద గీసి ఏ4కు తగ్గిస్తే 71 శాతం అవుతుంది, చేతి వణుకు కొంత మాయమవుతుంది. కానీ మిగతా 18 పేజీలు ఏ4లోనే గీసి ఉంటే ఈ ఆరు మాత్రం ఏ3లో గీయకండి, గీత మందం తేడా కొడుతుంది. నేను ఆ ఆశను చంపుకుని ఏ4 లోనే గీశాను.

ఏప్రిల్, మే నెలల్లో సిరా పని చేయాలంటే మా దగ్గర తెల్లవారుజామే దిక్కు. ఎండాకాలం నిబ్బు మీద సిరా చప్పున గట్టిపడి గీత మొదట్లో మొద్దుబారుతుంది. పక్కన గిన్నెలో నీళ్లు, పాత బట్ట పెట్టుకుని పది గీతలకోసారి తుడుచుకోండి. ఫ్యాను పేజీ మీదికి రాకుండా తిప్పండి. చేతి కింద ఒక తెల్ల కాగితం లేకుండా గీయకండి. నా ఆరో పేజీ మీద ఒక చెమట చుక్క పడి తాత రుమాలు చెరువైంది, వైట్ పోస్టర్ కలర్‌తో కప్పాల్సి వచ్చింది.

ముందు ముఖాలు, చేతులు సిరా చేయండి. చెడిపోతే అక్కడే చెడుతుంది, అప్పటికి ఇంకా పని ఎక్కువ పోలేదు. నల్లగా నింపేవి చివరన. గడి అంచులు ఎప్పుడైనా పర్వాలేదు.

11. స్కాన్, ఆపైన అతుకు పరీక్ష

నలుపు తెలుపు గీతలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. ఏ4కు 4960 గుణించు 7016 పిక్సెల్స్ వస్తాయి. ఫోన్‌తో తీసిన ఫోటో అచ్చుకు పనికిరాదు, అంచులు వంగుతాయి.

తర్వాత చేయాల్సిన పరీక్షను చాలామంది మరిచిపోతారు. కొత్త ఆరో పేజీని, పాత ఏడో పేజీని పక్కపక్కన పెట్టి చూడండి. అతుకు కనపడుతోందా? నాకు కనపడింది. ఆరులో చెట్ల ఆకులు విడివిడిగా, ఏడులో గుంపుగా. ఏడును ముట్టుకోవద్దని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఆరులోనే ఆకులు తగ్గించాను. మార్పు ఎప్పుడూ కొత్త పేజీ వైపు నుంచే జరగాలి.

ఒక వారం పక్కన పెట్టి, మొదట చదివిన వాళ్లకు కాకుండా కొత్తవాళ్లకు ఇవ్వండి. పాత పేజీలు చూసినవాళ్లు తేడాలు వెతుకుతారు, కథ చదవరు. పాత పేజీలను చింపకండి. వెనక తేదీ రాసి, మధ్యలో బటర్ పేపర్ పెట్టి ఫైలులో ఉంచండి. తర్వాతి కథ మొదలుపెట్టే రోజు తీసి చూస్తే పాత్రల షీటు ముందే ఎందుకు గీయాలో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను మొదటి పేజీలో ఒక్క గడి మాత్రం మళ్లీ గీయలేదు. కొత్తగా తెచ్చిన కుక్క కోసం వెతుకుతుంటే, మూడేళ్ల కిందటి ఒక పాడైన కాగితం వెనక కాలు నాకుకుంటున్న కుక్క దొరికింది. దాని కాళ్లు లెక్క తప్పాయి, చెవి ఒకటే ఉంది. నాలుగుసార్లు సరిగ్గా గీసి చూశాను. ఏదీ అలా పడుకోలేదు. పాతదాన్నే కత్తిరించి అతికించాను. మేనకోడలు పుస్తకం తెరవగానే ముందు దాన్నే చూపించి నవ్వింది.